దొరసాని గదిలో లైటు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఒకటే గొడవ. ఆస్తి గొడవ కాదు, అత్తాకోడళ్ళ గొడవ అంతకన్నా కాదు. లైటు గొడవ. మూరెడు పిల్ల పడుకునే గదిలో రాత్రిపూట ఏ లైటు వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి, ఎంత వెయ్యాలి అన్నదాని మీద ముగ్గురు పెద్దవాళ్ళం లాయర్లలా వాదించుకున్నాం. అసలు కక్షిదారు మంచం మీద కాళ్ళు ఎగరేస్తూ అన్నీ వినేది. చివరికి తీర్పు కూడా తనే చెప్పేది. ఆ తీర్పు ఎప్పుడూ ఏడుపే.

మా పాపకి దొరసాని అని పేరు పెట్టింది మా అత్తయ్య. పాలు కాస్త ఆలస్యమైతే అది చూసే చూపు చూసి, "అబ్బో, దొరసానిగారికి కోపం వచ్చింది" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. తరవాత అసలు పేరు పెట్టుకున్నాం గానీ ఇంట్లో ఎవరి నోటికీ అది రాదు.

అత్తయ్య దర్జీ. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ కుట్టుమిషను, బట్టల మూటలు, మా మంచం, పాప మంచం అన్నీ ఆ వీధి వైపు గదిలోనే. మా ఆయన నాటకాలకి లైట్లు వేస్తాడు. నేను సిటీ బస్సు నడుపుతాను. ఒకరికి లైటు సూది బెజ్జం మీద పడాలి, ఒకరికి నటుడి మొహం మీద పడాలి, ఒకరికి రోడ్డు మీద పడాలి. ఇలాంటి ముగ్గురిని ఒక గదిలో పెట్టి లైటు సంగతి తేల్చమంటే ఇక తేలినట్టే.

మాకు నవ్వులాటగానే ఉండేది గానీ నా గుండెల్లో మాత్రం గుబులు. వానలతో పాటే నా కాన్పు సెలవూ అయిపోతుంది. పొద్దున మొదటి బస్సు నాది. సెలవు మీద పోయి వచ్చిన డ్రైవరుకి డిపోలో ఒక పరీక్ష పెడతారు. నెగ్గితే పాత బండి పాత దారి మనదే. నెగ్గకపోతే టికెట్ల కిటికీ వెనక కూర్చోబెడతారు. అది తక్కువ పనేం కాదు, నీడపట్టు ఉద్యోగం. కానీ నాకు స్టీరింగు కావాలి. తెల్లారీ తెల్లారని వీధుల్లో నా బండి, నా దారి, ఒక్కొక్క స్టాపులో ఎక్కే నా జనం, అది లేకపోతే నాకు తోచదు. నిద్ర లేని డ్రైవరుకి మాత్రం బండి ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. దొరసాని నన్ను నిద్రపోనిస్తేనే గదా!

పాప రాత్రి ఎన్నిసార్లు లేచినా తప్పు లేదు, చంటిపిల్లలు లేస్తారు. పాలు తాగాక మళ్ళీ పడుకోకపోవడమే వచ్చిన చిక్కు. కళ్ళు ఇంతింత చేసుకుని తెల్లారేదాకా కాపలా కాసేది. ఎలాగో బతిమాలి పడుకోబెడితే మొదటి బస్సు వచ్చేది. మా ఇల్లు సరిగ్గా మలుపులో ఉంది. బస్సు తిరిగేటప్పుడు దాని లైట్లు కిటికీలోంచి దూరి గదంతా ఊడ్చుకుంటూ పోతాయి. దొరసాని ఉలిక్కిపడి లేచేది.

"మీవాళ్ళే! కాస్త బుద్ధి చెప్పలేవూ?" అనేది అత్తయ్య.

"మలుపు తిరక్కుండా బస్సు ఎలా పోతుంది అత్తయ్యా?"

"తిరగమను. కళ్ళు మూసుకుని తిరగమను."

మొదట్లో అత్తయ్య మాటే నెగ్గింది. "చీకట్లో దారమూ ఎక్కదు, పిల్ల గుడ్డా మారదు" అని ట్యూబులైటు వేయించింది. అది రెండుసార్లు కన్నుకొట్టి వెలిగేసరికి గది పరీక్ష హాలులా తయారయ్యేది. దొరసాని మొదటి బెంచీ పిల్లలా నిటారుగా చూసేది. మేం ఆఖరి బెంచీవాళ్ళలా జోగేవాళ్ళం.

"ట్యూబులైటు కింద ఎవరైనా నిద్రపోతారా? అది కొట్లో పెట్టుకునే లైటు" అని మా ఆయన రంగంలోకి దిగాడు. వానాకాలంలో ఆరుబయట నాటకాలుండవు. ఆయన లైట్లూ, స్టాండ్లూ, వెలుగు పెంచే తగ్గించే డబ్బా, రంగు కాగితాల చుట్టలూ అన్నీ ఇంట్లోనే పడి ఉన్నాయి. పని లేక చేతులు దురద పెడుతున్న మనిషికి పాప గది దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది.

"చూడు డ్రైవరమ్మా, మొదటి పాఠం చెప్తాను" అన్నాడు స్టూలెక్కి. "లైటు ఎప్పుడూ మొహం మీద పడాలి. మొహం కనపడని నటుడు స్టేజీ మీద ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

మొహం కనపడాలన్న మాట నాకూ నచ్చింది. ఎందుకు నచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

మొదటిరోజు వెన్నెల వేస్తానని నీలం కాగితం పెట్టాడు. పాలకి లేచి పాప వైపు తిరిగానో లేదో, కెవ్వున అరిచాను.

"ఇదేంటి, నీలంగా అయిపోయింది!"

"వెన్నెలే! స్టేజీ మీద వెన్నెలంటే నీలమే" అన్నాడు ఆయన, నిద్రమత్తులో కూడా గర్వంగా.

"వెన్నెల కాదురా, దయ్యం సీనులా ఉంది. తీసెయ్!" అంది అత్తయ్య.

తరవాత ఎరుపు. అది బాగానే ఉందనుకున్నాం. పొద్దున చూస్తే పాప తొడల మధ్య ఒరుసుకుపోయి కందిపోయి ఉంది. ఎర్ర వెలుగులో ఆ ఎరుపు మా ఎవరికీ కనపడనే లేదు. అత్తయ్య కొడుకు వైపు ఒక్క చూపు చూసింది. ఆయన నోరెత్తకుండా ఎర్ర కాగితం చుట్టేశాడు.

ఆ మీదట పసుపు. ఆ రాత్రి గుడ్డ మార్చే వంతు ఆయనది. "శుభ్రంగా ఉంది, ఒట్టి తడే" అని చెప్పి, గుడ్డ మార్చి, చెమట పట్టిందని చేత్తో మొహం కూడా తుడుచుకుని పడుకున్నాడు. పసుపు వెలుగులో పసుపు కనపడదని లైట్లు వేసే మనిషికి తెలియాలి గదా! తెల్లారాక ఆయన మొహం చూసి అత్తయ్య మిషను ఆపి మరీ నవ్వింది. ఆ రోజంతా కుట్టుకుట్టుకీ నవ్వుతూనే ఉంది. అంత నవ్వులో కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి పడ్డాయి.

ఆఖరికి లేత తేనె రంగు దగ్గర ఆగాడు. పైనుంచి, కాస్త వారగా, వెలుగు బాగా తగ్గించి వేశాడు. ఉన్నమాట చెప్పాలి, ఎంత బాగుందో! ఆ వెలుగులో దొరసాని బుగ్గలు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. అది కూడా ఆ లైటు వైపే చూస్తూ ఊ కొట్టేది, చేతులు చాచేది. మొట్టమొదటిసారి బోసినోటితో నవ్వింది కూడా ఆ లైటుని చూసే. ముగ్గురం చప్పట్లు కొట్టాం. నవ్వింది గానీ నిద్ర మాత్రం పోలేదు.

"లైటు దొరికిన నటి స్టేజీ దిగుతుందా మరి?" అన్నాడు మా ఆయన, కూతుర్ని చూసి మురిసిపోతూ.

నాకు మురిసిపోయే ఓపిక కూడా లేదు. పరీక్ష దగ్గర పడింది.

డిపోలో పరీక్ష పెట్టే పెద్ద ఇన్‌స్పెక్టరుని అందరూ బాబాయ్ అంటారు. పాతకాలం డ్రైవరు. ఆయన పరీక్ష పద్ధతే వేరు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు.

"మీరు నిద్రపోతే నేనెలా నడుపుతున్నానో ఎలా తెలుస్తుంది బాబాయ్?"

"నిద్రపోతేనే తెలుస్తుందమ్మా. బస్సులో జనం కునుకు తీశారంటే డ్రైవరు మీద నమ్మకం కుదిరినట్టు. నాకు మెలకువ వచ్చిందా, నువ్వు మళ్ళీ రావాలి. ఇక పోనీ బండి."

సాయంత్రం, సన్నగా తుంపర. ఖాళీ బస్సు. స్టీరింగు పట్టుకోగానే నా చేతులకి ప్రాణం లేచొచ్చింది. గతుకు దగ్గర మెల్లగా, సిగ్నలు దగ్గర ఇంకా మెల్లగా, బ్రేకు వేశానో లేదో తెలియనంత మెత్తగా నడిపాను. వెనకాల గురక మొదలైంది. ఆ గురక వింటుంటే నాకు పాట విన్నట్టే ఉంది.

వంతెన దాటాక చీకటి పడింది. ఎదురుగా ఒక లారీ వస్తోంది. నేను డిమ్ కొట్టాను. ఎదురుగా మనిషి వస్తే మన లైటు కిందికి దించాలి. మా పనిలో మొట్టమొదట నేర్పే మర్యాద అదే. ఆ మహానుభావుడికి ఎవరూ నేర్పలేదు కాబోలు, పెద్ద లైట్లు పెద్దగానే వేసుకుని దూసుకొచ్చాడు. బస్సంతా తెల్లగా అయిపోయింది.

"ఎవడ్రా అది, కళ్ళల్లో పొడుస్తున్నాడు!" అని బాబాయ్ లేచి కూర్చున్నాడు.

"నేను కుదపలేదు బాబాయ్. లైటుకి లేచారు మీరు!"

"తెలుసమ్మా. లైటుకే లేచాను. లేచాక ఎటూ లేచాను గదా అని అద్దంలో నీ మొహం చూశాను. ఆ కళ్ళేంటి తల్లీ, పెళ్ళి వంటకి ఉల్లిపాయలన్నీ నువ్వే తరిగినట్టు?"

నేను రోడ్డు మీదే కళ్ళు పెట్టి బండి పోనిచ్చాను.

"బండి బాగా నడుపుతున్నావు. కాదనను. ఇవాళ నడిపావు. రేపు సిగ్నలు దగ్గర కన్ను మూతపడితే? వెనకాల అంతమంది ఉంటారు. ఇంటికెళ్ళి నిద్రపో. వచ్చే వారం రా. అప్పుడూ ఇవే కళ్ళు తెచ్చావంటే నా చేతుల్లో ఏం లేదు, టికెట్ల కిటికీయే."

ఆయన మంచిగానే చెప్పాడు. ఆ మంచితనానికే నాకు ఏడుపు ఎక్కువ వచ్చింది. దారంతా ఆ లారీవాణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఎదురుగా మనిషి ఉన్నాడని చూసుకోవద్దూ? ఎవడి దారి వాడికి కనపడితే చాలా?

ఇంటికొచ్చేసరికి దొరసాని అత్తయ్య ఒళ్ళో ఉంది. పాప మంచం ఖాళీ. తేనె రంగు లైటు వెలుగుతూనే ఉంది. ఒళ్ళు విరిగినట్టుంటే ఆ మంచం పక్కనే, పాప తల పెట్టే వైపే తల పెట్టి, మా మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. కళ్ళు తెరిస్తే ఏముంది, లారీ! అంత మెత్తటి, అంత అందమైన లైటు కూడా కింద పడుకున్నవాళ్ళకి సూటిగా కళ్ళల్లోకే వస్తోంది. పక్కకి ఒత్తిగిలడం కూడా రాని పసిదాని మొహం మీదికి మేం ముగ్గురం రోజూ పెద్ద లైట్లు వేసుకుని పోయి, నిద్ర ఎందుకు పోవే అని దాన్నే అడుగుతున్నాం.

"ఇలా రండి ఇద్దరూ. ఒకరి తరవాత ఒకరు ఇక్కడ పడుకోండి" అని, ఆ లారీ సంగతి చెప్పాను.

"నా మోకాళ్ళు వంగవే అమ్మాయ్" అంటూనే అత్తయ్య వాలింది. వెంటనే చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. తరవాత మా ఆయన పడుకున్నాడు. ఆయన చాలాసేపు లేవలేదు.

"ఇన్నేళ్ళూ లైటు వెయ్యడమే గానీ లైటు కింద ఎప్పుడూ పడుకోలేదు" అన్నాడు చివరికి.

"బస్సు మెట్ల దగ్గర చిన్న లైటుంటుంది చూశావా? అది మెట్టుకే గానీ ఎక్కే మనిషి మొహానికి కాదు. మనకి కావలసింది అదే" అన్నాను.

"మొహం కనపడని లైటు... అలాంటి లైటు నేనెప్పుడూ వెయ్యలేదే!"

"వెయ్యి. ఇక్కడ టికెట్టు కొన్నవాళ్ళెవరూ లేరు."

అప్పటికప్పుడే పని మొదలుపెట్టాం. స్టాండు విప్పేశాం. మా ఆయన వేడెక్కని చిన్న బల్బు ఒకటి తీసుకుని, గచ్చు మీద, కుట్టుమిషను కాలు చాటున, గోడ వైపు తిప్పి పెట్టాడు. రంగు కాగితాల్లేవు. మామూలు బల్బు, వెలుగు మాత్రం అడుగంటా తగ్గించాడు. అత్తయ్య యూనిఫారం ముక్కలు కుట్టి ఆ బల్బుకి దూరంగా, చుట్టూ తెర కట్టింది. నేను కుర్చీలో పాలిచ్చినట్టు కూర్చుంటే, నా ఒడి దాకా వెలుగొచ్చి ఆగిపోవాలి. ఆయన డబ్బా తిప్పడం, అత్తయ్య తెర ఒక వేలెడు దించడం, నేను "ఇంకాస్త, ఇంకాస్త" అనడం. చేతులు కనపడుతున్నాయి. గుడ్డ మీద ఏముందో కనపడుతోంది. మంచం మాత్రం నీడలో ఉంది.

ఆ రాత్రి దొరసాని లేచింది, పాలు తాగింది, అలవాటుగా పైకప్పు వైపు చూసింది. అక్కడ తన లైటు లేదు. కాసేపు వెతికింది. ఇంత నోరు తెరిచి ఆవలించింది. పడుకుంది!

"ఇంత కష్టపడి లైటు వేస్తే చూసేవాళ్ళు నిద్రపోయారు. ఇంతకన్నా అవమానం ఉందా నాకు?" అని గొణిగి, ఆ అవమానాన్ని కౌగిలించుకుని మా ఆయన కూడా గురక పెట్టాడు.

అందరూ పడుకున్నారు. నేను తప్ప. మంచంలో నీడ. పాప మొహం కనపడటం లేదు. కదులుతోందా? గుండె పైకీ కిందికీ ఆడుతోందా? లేచి, టార్చి తీసి, దాని మీద వేసి చూశాను. ఆడుతోంది. బతికిపోయాను. కాసేపయ్యాక మళ్ళీ లేచి వేశాను. దొరసాని కళ్ళు చికిలించి రాగం అందుకుంది. మర్నాడు రాత్రీ అదే పని. చేతిలోంచి టార్చి ఎవరో లాగినట్టయితే తిరిగి చూశాను. అత్తయ్య.

"అయితే ఆ లారీ ఎక్కడికీ పోలేదన్నమాట. మనింట్లోనే ఉంది" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కనపడటం లేదత్తయ్యా. ఊపిరి తీస్తోందో లేదో... భయమేస్తోంది. లైటు లేకపోతే అది అసలు అక్కడ లేనట్టే అనిపిస్తోంది. రేపు బస్సెక్కాక ఎవరు చూస్తారు?" ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ భయం నాకు ఉంది. నేను అడిగిన లైట్లన్నీ పాప కోసం కాదు, నా కోసం.

అత్తయ్య నన్ను కసురుకుంటుందనుకున్నాను. పక్కన కూర్చుంది.

"నీ బస్సుకి ఇంజను ఎక్కడుంటుంది?"

"వెనకాల."

"నడిపేటప్పుడు చూస్తావా దాన్ని?"

"ఎలా చూస్తాను? ముందు రోడ్డు చూడాలి గదా."

"మరి బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"వినపడుతుంది గదత్తయ్యా. చిన్న తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది."

ఆవిడ టార్చి తీసుకుపోయి తన దిండు కింద పెట్టుకుని పడుకుంది.

నేను అలాగే కూర్చున్నాను. బయట వాన చప్పుడు. దాని కింద మా ఆయన గురక. దాని కింద అత్తయ్య సన్నటి గురక. వాటన్నిటినీ ఒక్కొక్కటే పక్కకి జరుపుకుంటూ పోతే, అన్నిటికన్నా అడుగున, చిన్న ఊపిరి. లోపలికి పోయేటప్పుడు నిశ్శబ్దంగా పోయి, బయటికి వచ్చేటప్పుడు చివర చిన్న ఈల వేసుకుంటూ వస్తోంది. ఆ ఈల ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు, చూడటంలో పడి. వింటూ వింటూ ఎప్పుడు వాలానో తెలియదు. లేచేసరికి వాన వెలిసింది, దొరసాని నా కన్నా ముందే లేచి కాళ్ళతో సైకిలు తొక్కుతోంది.

వారం తిరిగాక మళ్ళీ బాబాయ్ పరీక్ష. ఆయన కళ్ళు మూశాడు, నేను నడిపాను. వంతెన దగ్గర మరో లారీ వచ్చింది. ఇతను బుద్ధిమంతుడు, డిమ్ కొట్టాడు. డిపోకి తిరిగొచ్చి ఇంజను ఆపాను. గురక ఆగలేదు. నిద్రపోయేవాళ్ళని లేపడానికి ఇప్పుడు నాకు చేతులు రావు. దిగి టీ తాగి వచ్చాను. ఇంకా గురకే. ఆఖరికి మెకానిక్కు ఎవరో రేకు మీద సుత్తి వేస్తే లేచాడు.

"వచ్చేశామా?" అని చుట్టూ చూసి, నన్ను దగ్గరికి పిలిచి, డాక్టరులా నా కళ్ళ కింద వేలు పెట్టి చూశాడు. "ఊఁ. ఎల్లుండి నుంచి మొదటి బస్సు నీదే."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన దొరసానిని ఎత్తుకుని గదంతా గిరగిరా తిరిగాడు. అత్తయ్య మిషను ఆపలేదు గానీ చక్రం జోరు పెరిగింది. ఆ తరవాత ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. నా బస్సు మలుపు దగ్గరికి వచ్చేసరికి పాప ఆపకుండా ఏడుస్తుంటే ట్యూబులైటు వేసి ఉంచాలి. డిపోకి ఫోను చేసేదాకా ఆగకుండా నాకు తెలిసిపోతుంది. కిటికీ చీకటిగా ఉంటే అంతా బాగున్నట్టు.

మొదటి రోజు ఇంకా తెల్లారకముందే లేచాను. గచ్చు మీద చిన్న వెలుగు. నా చెప్పులు కనపడుతున్నాయి, తలుపు గడియ కనపడుతోంది. దొరసాని మొహం కనపడటం లేదు. ఒక్క నిమిషం మంచం పక్కన నిలబడ్డాను. ఈల వినపడింది. తలుపు దగ్గరగా వేసి బయల్దేరాను.

డిపోలోంచి బండి తీశాను. తడి రోడ్డు, రెండు మూడు స్టాపుల్లో నా పాత జనం. పూలకొట్టు ఆవిడ ఎక్కుతూ "వచ్చావా తల్లీ! పాపా, బాబా?" అంది. "దొరసాని" అన్నాను. ఆవిడకి అర్థమైనట్టే తల ఊపింది. కాసేపటికి వెనకాల ఎవరో కునుకు తీస్తున్న చప్పుడు.

మా వీధి వచ్చింది. ఎదురుగా మలుపు, మలుపులో మా ఇల్లు, ఇంటికి కిటికీ. చీకటిగా ఉంది. చీకటిని చూసి అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ కిటికీలోకి పోబోయే లైట్లు నావి. చెయ్యి దానంతట అదే వెళ్ళి డిమ్ కొట్టింది. వేగం బాగా తగ్గించాను. అత్తయ్య చెప్పినట్టే, నా బస్సు సగం కళ్ళు మూసుకుని మెల్లగా ఆ మలుపు తిరిగింది. వెలుగు మా గోడ అడుగు భాగాన్ని తాకి, కిటికీ దాకా ఎగబాకకుండా, రోడ్డు మీదికి జారిపోయింది.

"ఎదురుగా బండి లేదుగా అక్కా, డిమ్ ఎందుకు కొట్టావు?" అంది కండక్టరమ్మాయి.

"దొరసానిగారు పడుకున్నారు" అని గేరు మార్చాను.